మోకాళ్ళు వంగని బొమ్మ

"అమ్మా, కాఫీ చల్లారిపోతోంది. తలుపు తియ్యి."

లోపలినుంచి జవాబు రాలేదు. కుట్టుమిషను చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కాసేపు పరుగు, కాసేపు ఆగడం, మళ్ళీ పరుగు.

కొడుకు కాఫీ గ్లాసు పట్టుకుని, మూసిన తల్లి గది తలుపు ముందే నిలబడి ఉన్నాడు. అతని భార్య, ఆ ఇంటి కోడలు, ముందుగదిలో నేలమీద కూర్చుని ట్రంకులోని బొమ్మలన్నీ మరోసారి బయటపెట్టింది. తండ్రి బొమ్మ ఉంది. పిల్లవాడి బొమ్మ ఉంది. అరచేతిలో ఇమిడేంత కుట్టుమిషను, కిటికీ, గుమ్మం, అన్నీ ఉన్నాయి. తల్లి బొమ్మ ఒక్కటే లేదు.

"ఎందుకు వెతుకుతావు? అది లోపలే ఉంది," అన్నాడు భర్త.

"తెలుసు. ఊరికే కూర్చోలేక వెతుకుతున్నాను."

సాయంత్రం ప్రదర్శన. పాత ఐసు ఫ్యాక్టరీ షెడ్డును గదులుగా పంచుకుని పనిచేసుకునే చేతిపనుల వాళ్ళంతా కలిసి ఇవాళ్టినుంచి అక్కడే సంత పెడుతున్నారు. పుస్తకాలకి అట్టలు కుట్టేవాళ్ళు, గాజు ఊదేవాళ్ళు, గుడ్డమీద అచ్చులు వేసేవాళ్ళు. ఆ సంతలో మొదటి కార్యక్రమం కోడలి బొమ్మలాట. ఇన్నాళ్ళూ ఆమె చేసినవన్నీ ఇంకొకరి కోసం చేసినవే. పుట్టినరోజు పిల్లలకి కుందేళ్ళు, షాపుల అద్దాల వెనక తల ఊపే ఏనుగులు, ఆడపడుచు పళ్ళ ఆస్పత్రికి నవ్వుతున్న పన్ను ఒకటి. తన కథకి తను బొమ్మలు చేసుకోవడం ఇదే మొదలు.

తన కథ అనుకుంది. అక్కడే వచ్చింది చిక్కంతా.

నిన్న అత్తగారు కత్తెర సాన పట్టించుకుని వస్తూ వస్తూ షెడ్డులోకి తొంగిచూసింది. ఎప్పుడూ రాని మనిషి. అప్పుడు లోపల రిహార్సలు నడుస్తోంది. కోడలి చేతిలోని బొమ్మకి అత్తగారి ముఖమే ఉంది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని పట్టుకుని ఒక పక్కకి బిగుసుకుపోయిన మూతి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పైకి లేచి, ఇక అక్కడే ఉండిపోయిన ఎడమ కనుబొమ. ఆ బొమ్మ గుమ్మంలో మోకాళ్ళమీద కూలబడి, వెళ్ళిపోతున్న మొగుడి పెట్టె పట్టుకుని ఏడుస్తోంది.

అత్తగారు ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనాల దగ్గరా అనలేదు. పొద్దున లేచి చూసేసరికి ట్రంకు గొళ్ళెం తీసి ఉంది. ఆవిడ గది గొళ్ళెం వేసి ఉంది.

వీధి తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది. ఆస్పత్రి తెల్లకోటు కూడా విప్పలేదు.

"అమ్మ ఎక్కడరా?"

"గదిలో," అన్నాడు తమ్ముడు.

"బొమ్మ?"

"అదీ గదిలోనే."

"మంచి పని చేసింది." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడలి వైపు తిరిగింది. "నీకు ఆడించుకోవడానికి ఇంకెవరి సంసారమూ దొరకలేదా?"

"వదినా, ముందు నేను చెప్పేది వినండి."

"తమ్ముడు ఫోనులో అంతా చెప్పాడు. అమ్మ మోకాళ్ళమీద పడి ఏడుస్తుందట. ఊళ్ళోవాళ్ళంతా టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూస్తారట."

"టిక్కెట్టేం లేదక్కా," అన్నాడు తమ్ముడు.

"ఊరికే చూపిస్తున్నారా? ఇంకా బాగుంది."

కోడలికి నవ్వు వచ్చింది, కానీ నవ్వే సమయం కాదని ఊరుకుంది. జిగురు అంటిన వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ లేచి నిలబడింది.

"అమ్మ కథ ఒక్కటే కాదక్కా అది. నాది కూడా," అన్నాడు భర్త. "ఆ గుమ్మంలో నేనూ ఉన్నాను."

"నీకు అప్పుడు ఒళ్ళు తెలియని జ్వరం. నీకేం గుర్తుంటుంది?"

"ఆయన వెనక్కి తిరిగి చూడకపోవడం గుర్తుంది. అది చాలు."

ఆడపడుచు ఏదో అనబోయి నోరు మూసుకుంది. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించే మనిషి, తన నోరు అంత గట్టిగా మూసుకోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

లోపల మిషను ఆగింది. ముగ్గురూ తలుపు వైపు చూశారు. మళ్ళీ మొదలైంది.

"సరే, వినమన్నావుగా, చెప్పు," అంది ఆడపడుచు, ఈసారి గొంతు తగ్గించి.

"మీరు మానమంటే మానను వదినా. ఈయన మానమన్నా మానను. అత్తయ్య మానమంటే మానేస్తాను. ఆవిడ ముఖం ఆవిడని అడక్కుండా తీసుకున్నాను. ఆ బొమ్మని మళ్ళీ అడిగే హక్కు నాకు లేదు. ఇంకోటి చేసుకుంటాను."

"సాయంత్రానికా?"

"సాయంత్రానికే."

"ఎవరి ముఖంతో?"

"ఎవరి ముఖమూ లేకుండా."

ఆడపడుచు తమ్ముడి వైపు చూసింది. "ఇలాంటి దాన్ని ఎక్కడ వెతికి పట్టుకొచ్చావురా?" అంది. తిట్టో మెచ్చుకోలో తేలని మాట అది.

కోడలు వెళ్ళి తలుపుకి దగ్గరగా నిలబడింది.

"అత్తయ్యా, నేను షెడ్డుకి వెళ్తున్నాను. బొమ్మని మీ దగ్గరే ఉంచుకోండి. ఆట మాత్రం ఆడదామనుకుంటున్నాను. మీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట చెప్పండి. ఇక్కడే ఆపేస్తాను."

మిషను ఆగిపోయింది. తలుపుకి అటువైపు బట్ట దులిపిన చప్పుడు. దారం పుటుక్కున తెంచిన చప్పుడు.

కోడలు ఎదురుచూసింది. అటునుంచి వద్దనీ రాలేదు, సరేననీ రాలేదు. ఆమె ట్రంకు మూసి భుజానికెత్తుకుంది.

*

ఐసు దిమ్మలు జారవిడిచే వాలు ఇప్పటికీ షెడ్డులో అలాగే ఉంది. దానిమీద ఎవరో కుండీలు సర్దారు. బయట బల్లలు వేస్తున్నారు, తాళ్ళమీద దీపాలు కడుతున్నారు. గాజు ఊదే ఆవిడ కొలిమి దగ్గర కూర్చుని చుట్టూ మూగిన పిల్లల్ని దూరంగా జరగమని బతిమాలుతోంది.

కోడలు తన గదిలో బల్ల ముందు నిలబడి కాగితం పీలికలు జిగురులో ముంచి, చిన్న సొరకాయ బుర్ర మీద అతికిస్తోంది. పక్క గదిలో గుడ్డమీద అచ్చులు వేసే ఆయన్ని అందరూ అచ్చులాయన అంటారు. ఆట జరిగినంతసేపూ తండ్రి బొమ్మని ఆడించేది ఆయనే. ఇప్పుడు జుట్టు ఆరబెట్టుకునే యంత్రం పట్టుకుని ఆ తడి తలకి వేడిగాలి కొడుతున్నాడు.

"ముక్కు పెట్టవా?" అన్నాడు.

"పెడితే ఎవరిదో ఒకరిది అవుతుంది."

"కళ్ళు?"

"వద్దు."

"ఇలా చూస్తే జడుసుకుంటారమ్మా పిల్లలు."

"జడుసుకోనీండి. ఆట ఆగకూడదు."

అన్నదేగాని, ఆ ఉత్త బుర్ర చూస్తుంటే ఆమెకే చేతులు ఆడలేదు. ఇన్ని నెలలు ఆ కనుబొమ కోసం కొట్టుకుంది. ఎన్నిసార్లు చెక్కి, ఎన్నిసార్లు పారేసిందో. వంటింట్లో అత్తగారు అటు తిరిగినప్పుడల్లా దొంగచాటుగా చూసేది. చూసింది ప్రేమతోనే. కానీ చూడనిమ్మని ఒక్కసారైనా అడగలేదు.

బయట హాల్లో భర్త నిచ్చెన ఎక్కి దీపం బిగిస్తున్నాడు. వెలుగు చూసుకునేదీ, తండ్రి మాటలు పలికేదీ అతనే. ఆ మాటలు రాసింది కూడా అతనే. రాసిన రోజు చదివి వినిపిస్తే, ఇంత కసి ఎక్కడ దాచుకున్నాడా అని ఆమె ఆశ్చర్యపోయింది.

మధ్యాహ్నం దాటాక గుమ్మంలో నీడ పడింది.

అత్తగారు చంకలో గుడ్డసంచీతో నిలబడి ఉంది. గదంతా కలయజూసింది. గోడకి వేలాడుతున్న చేతులు, కాళ్ళు, రంగు వేయని తలలు. తడి బుర్ర దగ్గర ఆవిడ చూపు ఆగింది.

"బాబూ, కాస్త బయటికి వెళ్తావా?" అంది అచ్చులాయనతో. ఆయన అప్పటికే లేచాడు.

అత్తగారు సంచీలోంచి బొమ్మని తీసి బల్లమీద పెట్టింది.

"తీసుకుని చూడు."

ముఖం చెక్కుచెదరలేదు. కట్టిన చీర మాత్రం కొత్తది. తన కుట్టు తనకి తెలుసు, ఇది అది కాదు. కోడలు బొమ్మ తల వెనక ఉన్న కర్ర పట్టుకుని నడిపించింది. బల్లమీది చిన్న గుమ్మం దాకా తెచ్చింది. అలవాటుగా కిందికి వంచింది. బొమ్మ వంగలేదు. మళ్ళీ వంచింది. నిటారుగానే ఉంది.

చీర ఎత్తి చూసింది. చెక్క ముక్కల మధ్య మోకాలి దగ్గర తను వదులుగా అతికించిన గుడ్డ కీలు మీద, మందపాటి దారంతో దగ్గర దగ్గరగా వరసలు వరసలుగా కుట్లు.

"మోకాళ్ళు కుట్టేశాను," అంది అత్తగారు. "ఇక వంగదు."

"ఎందుకత్తయ్యా?"

"నేను వంగలేదు గనక."

కోడలు బొమ్మని పక్కన పెట్టి స్టూలు జరిపింది. అత్తగారు కూర్చుంది.

"నేను ఏడవనూ లేదు. ఆయన వెళ్ళిపోనూ లేదు. నేనే పంపించాను."

ఆవిడ ఖాళీ సంచీ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పెట్టె సర్దింది నేనే అమ్మాయ్."

బయట ఎవరో మైకు సరిచూస్తున్నారు. ఆ గోల ఆగేదాకా అత్తగారు కూడా ఆగింది.

"చెడ్డవాడేం కాదు. తాగేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు. పిల్లలంటే ప్రాణం. కానీ ఏ చిన్న తేడా వచ్చినా, వెళ్ళిపోతానని లేచేవాడు. చొక్కా గుండీ ఊడిందని ఒకసారి. నేను భోజనానికి లేవకుండా మిషను తొక్కుతున్నానని ఒకసారి. అటక మీది పెట్టె దించేవాడు. పిల్లలిద్దరూ చెరో కాలూ పట్టుకుని ఏడ్చేవాళ్ళు. అలిసిపోయేదాకా ఏడవనిచ్చి, అప్పుడు పెట్టె మళ్ళీ అటక ఎక్కించేవాడు."

"ఆ రోజు?"

"ఆ రోజు చిన్నాడికి ఒళ్ళు కాలిపోతోంది. ఆ జ్వరంలోనే లేచి వచ్చి కాలు పట్టుకున్నాడు. ఆయన విదిలించుకోలేదు. అలాగే పట్టుకోనిచ్చి నిలబడి నా వైపు చూశాడు. ఎవరు ముందు ఓడతారో చూద్దామన్నట్టు." అత్తగారు తన అరచేతులు చూసుకుంది. "అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. పెట్టె తెరిచాను. ఆయన బట్టలన్నీ మడతపెట్టి సర్దాను. ఇస్త్రీ చేసినవే ఏరి పెట్టాను. గుమ్మం బయట పెట్టి, పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి వచ్చేశాను."

"ఆయనేమీ అనలేదా?"

"వీధిలో చాలాసేపు నిలబడ్డాడు. పిలుస్తాననుకున్నాడు. నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు వింటూ ఎంతసేపని నిలబడతాడు?"

"మరి వదిలేసి వెళ్ళిపోయాడని అందరూ..."

"నేనే చెప్పాను. మొగుడు వదిలేసిన మనిషి అంటే, పాపం పిల్లలతో ఉంది అని నలుగురూ బట్టలు తెచ్చి ఇస్తారు. మొగుణ్ణి బయటికి పంపిందంటే ఎవరిస్తారు? కుట్టు మీదే కదా బతకాలి. వచ్చినవాళ్ళ ముందు కళ్ళు తుడుచుకున్నాను కూడా. రాని కన్నీళ్ళు తుడుచుకోవడం ఎంత కష్టమో నీకు తెలియదు." ఆవిడ మూతి మరికాస్త బిగుసుకుంది. "అలా జాలి మీద బతికాను. బాగానే బతికాను. నిన్న నీ చేతిలో అది మోకాళ్ళమీద పడుతుంటే, ఊరందరికీ చెప్పిన అబద్ధం నాకే ఎదురొచ్చినట్టయింది."

ఆవిడ వేలితో బొమ్మ మోకాలు తట్టింది.

"ఆడితే నిలబెట్టి ఆడించు. లేదా మానెయ్యి. మధ్యలో ఇంకోటి లేదు."

"నిలబెట్టే ఆడిస్తాను," అంది కోడలు. ఆ మాటకి ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆలోచించాల్సింది వేరే ఉంది. "మీ అబ్బాయికి ఇదంతా తెలుసా?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"తండ్రి మాటలు పలికేది ఆయనే అత్తయ్యా."

"తెలుసు. నిన్న విన్నాను. వాడి గొంతులో అంత విషం నేనే పోశాను." బల్లమీది బొమ్మని చూపించింది. "నోటితో చెప్పలేను. ఎన్నిసార్లు మొదలుపెట్టి మింగేశానో. నువ్వు బొమ్మ చేత చెప్పించు. చూసి తెలుసుకుంటాడు."

"అది మాత్రం చెయ్యను."

ఆవిడ తలెత్తింది. కోడలు ఆవిడకి ఎదురుచెప్పడం ఆ ఇంట్లో కొత్తేం కాదు గానీ, ఇంత మెల్లగా చెప్పడం కొత్త.

"నిన్న మీకు ఎవరూ ముందుగా చెప్పలేదు. గుమ్మంలో నిలబడి మీ ముఖం మీరే చూసుకున్నారు. అది నా వల్ల జరిగింది. ఆయనకి అలా జరగనివ్వను. ఆట కన్నా ముందే మీరు చెప్పాలి. మీ నోటితోనే చెప్పాలి. చెప్పకపోతే ఇవాళ తెర లేవదు."

"బెదిరిస్తున్నావా?"

"కాదు. పక్కన నిలబడతానంటున్నాను."

*

భర్త గదిలోకి వచ్చేసరికి తల్లి స్టూలు మీద ఉంది. ఆవిడని కారులో తీసుకొచ్చిన అక్క గుమ్మానికి ఆనుకుని ఉంది. బల్లమీద బొమ్మ నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వే తెచ్చావా?" అతని ముఖం విచ్చుకుంది. "నాకు తెలుసు, తెస్తావని."

"చిన్నా, కూర్చో."

"దీపం ఇంకా..."

"కూర్చో నాన్నా."

అతను కూర్చోలేదు. ఆవిడ చెప్పింది. కోడలికి చెప్పినంత వివరంగా చెప్పలేకపోయింది. రెండుసార్లు మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. కోడలు మాట అందించలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది. పెట్టె, బట్టలు, గుమ్మం, వీధిలో నిలబడ్డ మనిషి. చివరికి, నేనే పంపించానురా, అంది.

అతను అక్క వైపు తిరిగాడు. "నువ్వేం మాట్లాడవేంటి?"

ఆడపడుచు తెల్లకోటు జేబుల్లో చేతులు దోపుకుంది. "నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"అప్పటినుంచే. మూత పడకపోతే, పెట్టెమీద ఎక్కి కూర్చున్నది నేనే. అప్పుడు గొళ్ళెం పడింది." ఆమె తమ్ముడి కళ్ళలోకి చూడలేకపోయింది. "చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకోలేదు. నేనే చెప్పలేదు. నాన్నని బయటికి తోసిన వాళ్ళలో నేనూ ఒకదాన్నని నీకు తెలియడం నాకిష్టం లేకపోయింది."

పొద్దున ఆమె అంత గట్టిగా ఎందుకు నోరు మూసుకుందో కోడలికి అప్పుడు అర్థమైంది.

భర్త చాలాసేపు బొమ్మనే చూశాడు. తర్వాత భార్యతో అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

"మనం పోట్లాడుకున్నప్పుడు నేనెప్పుడైనా గదిలోంచి బయటికి వెళ్ళానా?"

"లేదు."

"ఎంత కోపం వచ్చినా కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. లేస్తే ఆయనలాంటివాణ్ణి అవుతానని భయం."

"తెలుసు."

"ఇప్పుడు వెళ్తున్నాను," అన్నాడు. వెళ్ళిపోయాడు.

కోడలు గుమ్మం దాకా పరుగెత్తింది. బల్లల మధ్యనుంచి, దీపాల కిందనుంచి, వస్తున్న జనానికి ఎదురుగా అతని వీపు కాసేపు కనిపించి మాయమైంది. వెనక అత్తగారి గొంతు వినిపించింది.

"ఆ రోజు ఆయన్ని పిలవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. వీణ్ణి పిలవాలని ఉంది. ఏమని పిలవను?"

కోడలు వెనక్కి తిరిగింది. కళ్ళు మండుతున్నాయి. కానీ హాల్లో కుర్చీలు నిండుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. అచ్చులాయన గుమ్మంలో నిలబడి, ఆట ఉందా లేదా అన్నట్టు చూస్తున్నాడు.

"ఉంది," అంది ఆమె. "మొదలుపెడదాం."

"వెలుగు ఎవరు చూస్తారు?" అన్నాడాయన.

ఆడపడుచు తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించింది. "నేను చూస్తాను. రోజంతా చిన్న కంతలోకి లైటు కొట్టడమే కదా నా పని."

"తండ్రి మాటలు?"

"ఆయన మాట్లాడడు," అంది కోడలు. "మాటలు లేకుండానే ఆడించండి."

అత్తగారు లేచింది. గోడకి ఉన్న నల్లచొక్కాల్లో ఒకటి తీసుకుని తొడుక్కుంది. బొమ్మలాడించేవాళ్ళు చీకట్లో కలిసిపోవడానికి వేసుకునేవి అవి. ఆవిడకి భుజాల దగ్గర వదులైంది. చూసుకుని, రెండు గుండుసూదులతో బిగించుకుంది.

"నువ్వు తల పట్టుకో. చేతులు నేను చూసుకుంటాను," అంది.

"అత్తయ్యా, మీకు అలవాటు లేదు."

"రోజూ మిషను మీద కుట్టే చేతులకి ఇది కొత్తగా నేర్పాలా?"

*

హాలు నిండిపోయింది. వెనక ఇనుప షట్టరు దగ్గర కూడా జనం నిలబడ్డారు. దీపాలు ఆర్పేశారు. ఒక్క దీపం మాత్రం, చిన్న బల్లమీద చిన్న కిటికీనీ, చిన్న మిషనునీ వెతుక్కుంటూ వచ్చి ఆగింది. నిచ్చెనమీద ఆడపడుచు దాన్ని అక్కడే నిలబెట్టింది.

బొమ్మ మిషను ముందు నిలబడే కుట్టడం మొదలుపెట్టింది. గుడ్డని నొక్కి పట్టిన ఎడమచెయ్యి, చక్రం మీద కుడిచెయ్యి. కోడలు నెలల తరబడి అభ్యాసం చేసినా రాని కదలిక అది. ముందు వరసలో ఎవరో చిన్నగా నవ్వారు, ఇష్టంగా.

పెట్టె దిగింది. పిల్లవాడు కాలు పట్టుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. తల్లి బొమ్మ మిషను వదిలి వచ్చింది. నిటారుగా వచ్చింది. పెట్టె తెరిచింది. ఒక్కొక్క చొక్కా మడతపెట్టి సర్దింది. తొందర లేదు. పక్కనే ఉన్న అత్తగారి ఊపిరి కోడలి మెడకి తగులుతోంది.

పెట్టె గుమ్మం బయటికి చేరింది. తండ్రి బొమ్మ దాని పక్కన నిలబడింది. రాసుకున్న ఆటలో ఇక్కడ అతను తిట్టాలి, ఆమె కూలబడాలి. ఆ రెండూ ఇప్పుడు లేవు. తిరిగి మిషను దగ్గరికి వెళ్ళడం ఒక్కటే మిగిలింది. బొమ్మ వెళ్ళి దానిమీద చెయ్యి వేసింది.

"వెళ్తున్నాను."

ఆ గొంతు షట్టరు దగ్గరనుంచి వచ్చింది. కోడలి చేతిలో బొమ్మ తల ఉలిక్కిపడింది. అచ్చులాయన తెలివైనవాడు. తండ్రి బొమ్మని ఆ మాట అదే అన్నట్టు కొంచెం ముందుకి వంచాడు.

"పిల్లలు అడిగితే ఏం చెబుతావు?" అంది ఆ గొంతు.

జనానికి అది ఆటే. కోడలికి అది ఎవరి ప్రశ్నో తెలుసు. అత్తగారి చెవిలో ఒక మాట అందించగలదు. అందించలేదు.

బొమ్మ చెయ్యి మిషను మీదినుంచి లేచింది.

"అబద్ధం చెబుతాను," అంది అత్తగారు. పెద్దగా కాదు, కానీ హాలంతా వినిపించింది. "చిన్నపిల్లలు కదా. పెద్దయ్యాక నిజం చెబుతాను."

"పెద్దయ్యారు."

ఈసారి తండ్రి గొంతు కాదది. అచ్చులాయన బొమ్మని కదిలించలేదు. ముందు వరసలోవాళ్ళు మెడలు తిప్పి వెనక్కి చూస్తున్నారు. చీకట్లో ఒక మనిషి కుర్చీల మధ్య దారిలో నాలుగడుగులు ముందుకి వేసి ఆగాడు.

"ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడో నీకు తెలుసా అమ్మా?"

వెలుగు ఊగింది. నిచ్చెనమీద ఆడపడుచు, తల్లి వైపు చూస్తోంది. ఆ ప్రశ్నకి జవాబు ఆమెకి కూడా తెలియదని ఆ చూపులోనే ఉంది.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. ఆవిడ బొమ్మ చేతుల్ని మెల్లగా బల్లమీద పెట్టింది. నల్లచొక్కాలో, బొమ్మ వెనకనుంచి పక్కకి జరిగి, తన ముఖంతో తనే వెలుగులోకి వచ్చింది.

"తెలుసు," అంది.